కుక్కగారి కేకు మీద క్రీము

(సామాజిక రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. కుక్కకు పెట్టే బిస్కెట్ల మీద, చిన్న చిన్న కేకుల మీద పూసే క్రీముని ఇంట్లోనే ప్రమాదం లేకుండా ఎలా చేసుకోవాలి అన్నదే విషయం. "మనుషులకి చేసిపెట్టడానికే తీరిక లేదు, కుక్కకి క్రీము కేకా?" అని మా అమ్మ ఫోనులో అడగనే అడిగింది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా ఊళ్ళో కుక్క పుట్టినరోజు ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన అన్నంలో కాస్త మజ్జిగ పోసి పెరట్లో పెడితే అదే దానికి విందు.

ఇక్కడి సంగతి వేరు. దుబాయిలోనూ షార్జాలోనూ మనం ఉండేది అపార్టుమెంట్లలో. పెరడు లేదు, అరుగు లేదు. కుక్క మనతోపాటే హాల్లో సోఫా పక్కన పడుకుంటుంది. బాబాయిలూ పిన్నులూ అందరూ ఊళ్ళోనే ఉండిపోయారు కాబట్టి పిల్లలకు అదే తోడబుట్టినట్టు. అలాంటప్పుడు దానికీ ఒక పుట్టినరోజు వస్తుంది, కేకు వస్తుంది. కేకు వచ్చాక, "మన కేకు మీద క్రీము ఉంది కదా, దాని కేకు మీద ఎందుకు లేదు?" అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ ప్రశ్నకే ఈ ప్రసంగం.

ముందే ఒక మాట. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని, పశువైద్యుణ్ణి కాను. మా ఇంట్లో చిట్టి అని పదికిలోల కుక్క ఉంది. దాని కోసం చదివి, డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను. మీ కుక్కకు కిడ్నీ జబ్బో, షుగరో, మరేదైనా పథ్యమో ఉంటే నా మాట పక్కనపెట్టి మీ డాక్టరు చెప్పినట్టే చెయ్యండి.

మనం తినే కేకు మీద క్రీములో ప్రధానంగా ఉండేవి రెండే. ఒకటి వెన్న, రెండోది ఐసింగ్ షుగర్. కుక్కకు ఈ రెండూ విషం కావు. కాని లెక్క కుదరదు. రోజు మొత్తం తిండిలో చిరుతిళ్ళ వాటా పదోవంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. ఆపరేషను అయిన పది కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. అంటే చిరుతిళ్ళకు దక్కేది 60. ఒక టేబుల్ స్పూను వెన్నలోనే 100 కేలరీలు ఉంటాయి. ఇంకా చక్కెర కలపనే లేదు, కేకు లెక్కలోకే రాలేదు. చివరికి ఖర్జూరం కూడా అంతే. ఈ దేశంలో ఎవరింటికి వెళ్ళినా ముందు పెట్టేది ఖర్జూరమే కదా అని కుక్కకూ ఒకటి పడేస్తాం. పెద్ద మెజ్దూల్ ఖర్జూరం ఒక్కటి సుమారు 66 కేలరీలు. చిట్టికి ఆ రోజు కోటా దానితోనే అయిపోతుంది. పైగా గింజ తియ్యకపోతే పేగులో అడ్డుపడే ప్రమాదం.

ఇక్కడ ఎండల మాట కూడా చెప్పుకోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టిన దేశం ఇది. ఆ నెలల్లో కుక్కను తెల్లవారకముందు ఒకసారి, రాత్రి ఒకసారి కిందికి దింపి తీసుకురావడమే గగనం. నడక తగ్గుతుంది, తిండి తగ్గదు, ఒళ్ళు పెరుగుతుంది. దానికితోడు ఒక్కసారిగా కొవ్వు ఎక్కువ తింటే కొన్ని కుక్కలకు క్లోమం వాచిపోతుంది. వాంతులు, కడుపునొప్పితో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. మినియేచర్ ష్నాజర్ లాంటి జాతులకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

అంతవరకూ అందరికీ తెలిసినదే. నేను నొక్కి చెప్పదలుచుకున్నది ఈ తరవాతి సంగతి. కుక్క క్రీములో చక్కెర వల్ల వచ్చే చెరుపు నెమ్మదిగా వస్తుంది. చక్కెర మంచిది కాదని దాని బదులు మనం వేసే వస్తువు వల్ల వచ్చే చెరుపు అరగంటలో వస్తుంది. నిర్లక్ష్యంగా చేసిన క్రీము కన్నా శ్రద్ధగా, "ఆరోగ్యకరంగా" చేసిన క్రీముతోనే ఎక్కువ భయం.

మా భవనంలో జరిగిన విషయం చెబుతాను. ఆరో అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళ కుక్క ఎనిమిది కిలోలు. ఊరినుంచి విజిట్ వీసా మీద తాతగారు వచ్చారు. ఆయనకు షుగర్. కాఫీలోకీ పాయసంలోకీ పనికొస్తుందని చక్కెరకు బదులు వాడే తెల్లటి పొడి ఒక పాకెట్టు తెచ్చి పెట్టారు. మనవరాలికి పదకొండేళ్ళు. కుక్క పుట్టినరోజుకి తనే క్రీము చేస్తానంది. "చక్కెర కుక్కలకి మంచిది కాదట తాతయ్యా, నీ చక్కెర వేస్తాను" అని ఆ పాకెట్టు తీసుకుంది. తాతగారు ఫార్మసిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఏ పాకెట్టైనా అక్షరం వదలకుండా చదివే అలవాటు. నేను లిఫ్టు దగ్గర కనబడితే పాకెట్టు చూపించి, "బాబూ, ఈ జైలిటాల్ అన్నది మనకి మంచిదని తెలుసు, కుక్కకి పెట్టవచ్చునా?" అని అడిగారు.

పెట్టకూడదు. చేతికి అందేచోట కూడా ఉంచకూడదు.

జైలిటాల్ చూడటానికి చక్కెరలాగే ఉంటుంది, తీపీ దాదాపు అంతే. మనిషి తింటే ఇన్సులిన్ పెద్దగా పెరగదు, అందుకే షుగర్ ఉన్నవాళ్ళు వాడతారు. కుక్క తింటే మాత్రం దాని శరీరం నిజం చక్కెర వరదలా వచ్చిపడిందని భ్రమపడి ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది. రక్తంలో ఉన్న కాస్త చక్కెరా పడిపోతుంది. చాలావరకు అరగంట, గంటలోపే కుక్క తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, కూలబడుతుంది, మూర్ఛ రావచ్చు. మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. 2006లోనే అమెరికా పశువైద్యుల పత్రిక జైలిటాల్ తిని కాలేయం పాడైన ఎనిమిది కుక్కల గురించి ప్రచురించింది.

లెక్క చూడండి. కుక్క బరువు కిలోకి 0.1 గ్రాము జైలిటాల్ చాలు, రక్తంలో చక్కెర పడిపోవడానికి. కిలోకి 0.5 గ్రాము దాటితే కాలేయానికి ముప్పు. ఆ ఎనిమిది కిలోల కుక్కకు మొదటి గీత 0.8 గ్రాము, రెండో గీత 4 గ్రాములు. ఒక టీస్పూను పొడి సుమారు 4 గ్రాములు ఉంటుంది. క్రీము చేసేటప్పుడు మనం టీస్పూనుతో వెయ్యం, కప్పుతో వేస్తాం. ఆ పాప చేసే క్రీము ఒక్క ముద్ద నాకినా ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. తాతగారు చదివారు కాబట్టి సరిపోయింది.

మన తెలుగువాళ్ళ ఇళ్ళలో షుగర్ లేని ఇల్లు అరుదు. కాబట్టి షుగర్ ఫ్రీ సామాను లేని వంటిల్లూ అరుదు. ఇక్కడ దుకాణాల్లో సరుకుల మీద అరబ్బీ తప్పనిసరిగా ఉంటుంది. "ఖాలీ మిన్ అస్సుక్కర్" అని ఉంటే చక్కెర లేనిది అని అర్థం. ఆ ఖాలీ మన ఖాళీయే. హిందుస్తానీ మీదుగా మనదాకా వచ్చిన అరబ్బీ మాట. పాకెట్టు మీద చక్కెర ఖాళీ అంటే, ఆ ఖాళీలో ఏది కూర్చుందో వెనక్కి తిప్పి చదవాలి. జైలిటాల్ అని ఉండవచ్చు, ఇ-967 అని ఉండవచ్చు, బర్చ్ షుగర్ అని బర్చ్ చెట్టు పేరుతోనూ ఉండవచ్చు. మూడూ ఒకటే. చూయింగ్ గమ్‌లో, టూత్‌పేస్టులో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో కూడా ఇది ఉంటుంది. కుక్కలకు క్రీము అనగానే అందరూ పీనట్ బటర్ అంటారు కాబట్టి ఆ సీసా తప్పక తిప్పి చూడండి. పదార్థాల దగ్గర వేరుశనగ ఒక్కటే ఉన్నది మేలు. మిక్సీలో మనమే వేయించిన పల్లీలు ఉప్పు లేకుండా రుబ్బుకుంటే ఇంకా మేలు.

స్టీవియా, సుక్రలోజ్ లాంటివాటికి ఈ గుణం లేదు. కాని ముందువైపు స్టీవియా అని పెద్దక్షరాలతో రాసిన పాకెట్టులో వెనక ఇంకో తీపి కలిసి ఉండవచ్చు. అసలు కుక్క క్రీముకి తీపి ఎందుకు? మన నాలుక మీద రుచిమొగ్గలు దాదాపు తొమ్మిది వేలైతే కుక్కకు పదిహేడు వందలే. అది తినేది ముక్కుతో. దానికి వాసన ముఖ్యం.

రెండో వస్తువు కోకో. చాక్లెట్ కుక్కకు పడదని అందరూ విన్నదే. అందులో ఉండే థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్ళు చాలా నెమ్మదిగా బయటికి పంపుతుంది, అందుకని గుండె మీద పడుతుంది. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం, కోకో పొడి అన్నిటికన్నా ఎక్కువ. గోధుమరంగు క్రీమే కావాలంటే ఇక్కడ కరోబ్ పొడి దొరుకుతుంది. అరబ్బులు ఖర్రూబ్ అంటారు, రంజాను నెలలో దానితో షర్బత్తు చేస్తారు. అందులో థియోబ్రోమిన్ లేదు. తీపి కలపని పొడి కొనుక్కోండి.

మూడోది చాలామందికి తెలియనిది, మన వంటింటికి బాగా దగ్గరిది. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్నో ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. ఒక కుక్క పది తిన్నా తట్టుకుంటుంది, ఇంకొకటి నాలుగింటికే పడిపోతుంది. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే సంస్థకు జంతువుల విషప్రయోగాల కేంద్రం ఉంది. అక్కడి పశువైద్యులకు ఆధారం ద్రాక్షలో దొరకలేదు, పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్దలో దొరికింది. అది తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. దాంతో అసలు దోషి టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో వాళ్ళు రాశారు. 2022లో క్రీమ్ ఆఫ్ టార్టార్‌తోపాటు ఇంకొక వస్తువు తిని కిడ్నీలు పాడైన కుక్కల వివరాలు కూడా ప్రచురించారు. ఆ ఇంకో వస్తువు చింతపండు.

విన్నారు కదా. గుడ్డులోని తెల్లసొన గిలకొట్టి చేసే గట్టి ఐసింగులో క్రీమ్ ఆఫ్ టార్టార్ వేస్తారు, కాబట్టి ఆ పద్ధతి కుక్కకు వద్దు. పచ్చి తెల్లసొన కూడా వద్దు. పండగనాడు మిగిలిన పులిహోర, చారన్నం, కిస్‌మిస్ వేసిన సేమ్యా పాయసం కుక్క పళ్ళెంలో పెట్టవద్దు. ఊళ్ళో కుక్కలు తినలేదా అంటారేమో. తిన్నాయి. వాటిలో ఏది ఎందుకు పోయిందో ఎవరూ రక్తపరీక్ష చేయించి చూడలేదు.

ఇంకా జాజికాయ పొడి వద్దు, ఆల్కహాలుతో చేసే వెనిలా ఎసెన్సు వద్దు, మకడేమియా గింజలు వద్దు, ఉల్లి వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. ఇలా చెప్పుకుంటూపోతే జాబితా పెరుగుతూనే ఉంటుంది, మీరు మరిచిపోతూనే ఉంటారు. ఇక్కడ మా వృత్తిలోని పద్ధతి ఒకటి పనికొస్తుంది. కంప్యూటర్ నెట్‌వర్కుకి కాపలా పెట్టేటప్పుడు, రాకూడని వాళ్ళ పేర్లన్నీ రాసుకుంటూ కూర్చోం. రాదగినవాళ్ళ పేర్లు పది రాసి, మిగతా అందరికీ తలుపు మూసేస్తాం. కుక్క క్రీముకీ అంతే. రావలసినవి ఆరే ఆరు: తీపి, ఉప్పు లేని పెరుగు, ఉడికించిన బంగాళాదుంప, ఉడికించిన చిలగడదుంప లేక తియ్యగుమ్మడి, బియ్యప్పిండి, ఉప్పు లేని వేరుశనగ ముద్ద, రంగుకి చిటికెడు పసుపో కాస్త బీట్‌రూట్ రసమో. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఆ కాగితంలో లేనిది ఎంత మంచిదైనా క్రీములో పడదు. పిల్లలకూ ఇదే తేలిక.

ఇప్పుడు చేసే పద్ధతులు చెబుతాను, కాగితం కలం తీసుకోండి.

మొదటిది పెరుగు క్రీము. రెండు కప్పుల గట్టి పెరుగుని శుభ్రమైన పలచటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి నీరంతా దిగి కప్పు దాకా వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు. పెరుగులో అది కొంత తగ్గే ఉంటుంది, దిగిన నీటితో ఇంకొంత పోతుంది. ఇక్కడ దొరికే లబ్నే ఇలాంటిదే కాని అందులో ఉప్పు ఉంటుంది, కొన్నిటిలో వెల్లుల్లి కూడా. అందుకని ఇంట్లో వడకట్టుకోవడమే మంచిది. ఆ ముద్దలో ఒక టీస్పూను వేరుశనగ ముద్ద కలిపితే వాసనకే కుక్క వంటింటి గుమ్మం వదలదు. టేబుల్ స్పూనుకు పదిహేను, ఇరవై కేలరీలకు మించదు.

రెండోది దుంప క్రీము. పాలు పడని కుక్కలకు ఇదే సరైనది. పువ్వులు, అంచులు దిద్దాలంటే కూడా ఇదే నిలబడుతుంది. బంగాళాదుంప చెక్కు తీసి, ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, వేడిగా ఉండగానే ఒక్క గడ్డా లేకుండా జల్లెడలో రుద్దండి. ఉడికించిన నీళ్ళే రెండు చెంచాలు పోసి కలిపితే జారుడుగా అవుతుంది. మిక్సీలో వెయ్యకండి, జిగురైపోతుంది. చల్లారాక పాలిథిన్ సంచి మూల కత్తిరించి గోరింటాకు కోనులాగా పట్టుకుని వత్తండి. ఆరెంజి రంగు కావాలంటే సగం చిలగడదుంప.

మూడోది బిస్కెట్ల మీద గట్టిపడే పూత. బజారులో దొరికే తెల్లపూత బిస్కెట్లలో తరచు గట్టిపడే కొవ్వు, చక్కెర ఉంటాయి. మనకు వడియాలు పెట్టడం తెలుసు కదా, అదే సూత్రం. రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండిని అరకప్పు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద నిగనిగలాడేదాకా ఉడికించండి. ఉప్పు, కారం, జీలకర్ర ఏమీ వెయ్యవద్దు. కాస్త చల్లారాక బిస్కెట్ల మీద పలచగా రాసి, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర అరగంట ఆరనివ్వండి. పొరలాగా గట్టిపడుతుంది. రంగు విషయంలో ఒక సరదా సంగతి. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియదు. కాబట్టి పసుపు దానికోసం, బీట్‌రూట్ మన ఫోటోల కోసం.

కొందరు కొబ్బరినూనె పూత చెయ్యమంటారు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏసీ గదిలో అందంగా గడ్డకట్టి ఉంటుంది, లిఫ్టు దిగి కారు దగ్గరికి వచ్చేసరికి కారిపోతుంది. పైగా అంతా కొవ్వే. ఈ దేశానికి అది నప్పదు.

ఎండ మాట ఇంకొకటి. పెరుగుతో, దుంపతో చేసిన క్రీము ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. బయట మామూలు గదిలో రెండు గంటలు. 32 డిగ్రీలు దాటిన చోట గంటే. మన దగ్గర సంవత్సరంలో సగం నెలలు మధ్యాహ్నం ఆ లెక్కలోకే వస్తాయి. పార్టీకి తీసుకువెళ్ళాలంటే ఐసు పెట్టెలో పెట్టుకుని, అక్కడే పూసుకోండి. పూత ఆరిన బిస్కెట్లు గాలి చొరని డబ్బాలో వారం ఉంటాయి, ఆగస్టు ఉక్కలో మాత్రం డబ్బా తెరిచి ఉంచితే ఒక్క పూటకే మెత్తబడతాయి. మొదటిసారి ఏది పెట్టినా అరచెంచా పెట్టి మర్నాటిదాకా చూడండి.

జాగ్రత్త పడినా ఒక్కోసారి కుక్క దొంగతనంగా తింటుంది. దుబాయిలో కుక్కకు మైక్రోచిప్పు, ఏటా రేబీస్ టీకా, మునిసిపాలిటీ నమోదు తప్పనిసరి కాబట్టి మీ అందరికీ ఒక పశువైద్యుడు తెలిసే ఉంటాడు. ఆ నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు కూడా అదే ఫ్రిజ్ కాగితం మీద రాయండి. జైలిటాల్, కోకో, కిస్‌మిస్, చింతపండు తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఫోను చెయ్యండి. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత, ఈ నాలుగూ చెప్పండి. పాకెట్టు వెంట తీసుకువెళ్ళండి. ఉప్పునీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చెయ్యకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. జైలిటాల్ తిని కుక్క తూలుతుంటే దారిలో దాని చిగుళ్ళకు కాస్త తేనె రాయవచ్చు, ప్రయాణం మాత్రం ఆపవద్దు. కాసేపటికి లేచి తిరిగినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. కాలేయం దెబ్బ ఒకటి రెండు రోజుల తరవాత బయటపడవచ్చు.

ఆరో అంతస్తు పాప చివరికి దుంప క్రీము చేసింది. తాతగారు జల్లెడ పట్టారు. కుక్క ఆ పువ్వులూ అంచులూ ఏవీ చూడకుండా రెండు నిమిషాల్లో పళ్ళెం నాకేసిందట. మిగిలిన దుంప ముద్దలో ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త నిమ్మరసం పిండి తాళింపు పెట్టుకుని వాళ్ళు అన్నంలో తిన్నారు.

మీ ఇంట్లో ఇవాళే చెయ్యాల్సిన పని ఒకటే. అలమరలో ఉన్న షుగర్ ఫ్రీ పాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. ఉండకూడనిది ఉంటే పారెయ్యనక్కరలేదు, పెద్దవాళ్ళకి అది కావాలి. మూత గట్టిగా బిగించి పై అరలో పెట్టి, ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పండి.